చెంచాడు తోడు

మొదట పోయింది కుక్కర్ గాస్కెట్.

అదేమీ నలుగురూ వచ్చి పరామర్శించాల్సిన చావు కాదు. గాస్కెట్లు పోవడానికే పుడతాయి. కాకపోతే హైమవతి ఇంట్లో నెల తిరక్కుండా పోయిన నాలుగోది అది. కుక్కరు పావుగంట నుంచీ బుస్సుమంటోందే తప్ప ఒక్క విజిలూ వేయలేదు. పప్పు పప్పులాగే ఉంది, గ్యాసు మాత్రం ఖర్చయింది.

గిన్నెల కొట్టు శెట్టిగారు కొత్త గాస్కెట్‌ని కాగితంలో చుడుతూ ఉండబట్టలేకపోయాడు.

"ఏందమ్మా, వీటిని కూర గానీ వండుతున్నారా?"

"కూర కాదు శెట్టిగారూ, పులుసు. మా ఆయనకి రబ్బరంటే ప్రాణం కదా."

శెట్టిగారు నవ్వాడు. ఆమె భర్త చిదంబరరావుకి రబ్బరంటే ఎంత ప్రాణమో రాతిపాలెం సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో తెలియనివాళ్ళు లేరు. "మీరొక్కరే కాదులేమ్మా. కాలనీ ఆడోళ్ళంతా ఈ నెల గాస్కెట్లకే వస్తన్నారు. సరుకు కల్తీది వస్తన్నట్టుంది" అన్నాడు.

హైమవతి నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఇంటికొచ్చి చెత్తబుట్టలోంచి పాత గాస్కెట్ తీసి చూసింది. మామూలుగా పాతబడ్డ గాస్కెట్ ఎండి, బీటలిచ్చి, పెళుసుబారి విరుగుతుంది. ఇది నానిన అప్పడంలా చేతిలోంచి జారిపోతోంది. రెండు వేళ్ళతో నొక్కి విడదీస్తే మధ్యలో సన్నటి నల్లటి తీగ సాగింది. అచ్చం తీగపాకం వచ్చిందో లేదో చూసేటప్పుడు సాగినట్టు.

అలాంటి నల్లతీగని ఆమె లోకంలో ఇంకొక్క చోటే చూసింది. ఫ్యాక్టరీ వెనక, చిదంబరరావు గోతిలో.

ఆ ఆలోచనని ఇస్త్రీ చేయాల్సిన బట్టల మూటలా ఓ మూలకి తోసేసి వంట చూసుకుంది. మూలకి తోసిన బట్టలకి ముడతలు వాటంతటవే పోయిన దాఖలా లేదు. అయినా మనిషికి ఆశ చావదు.

కాలనీ వెనక ఓ కొండ ఉంటుంది. పల్నాడులో కొండలకి కరువు లేదుగానీ, ఇది టైర్ల కొండ. లారీ టైర్లు, బస్సు టైర్లు, ట్రాక్టరు టైర్లు, నాలుగు రాష్ట్రాల రోడ్లు తిరిగి అలిసిపోయినవి, ఇక్కడికొచ్చి ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. సిమెంటు బట్టీలో బొగ్గుకి బదులు వీటిని కాలిస్తే మంట దివ్యంగా వస్తుంది. ఇబ్బందల్లా అది సరిగ్గా మండని రోజున. ఆ రోజు దండేల మీద ఆరేసిన తెల్లపంచెలన్నీ సాయంత్రానికి అయ్యప్ప దీక్ష పుచ్చుకునేవి. పిల్లలు దగ్గి దగ్గి నిద్రపోయేవారు.

ఫ్యాక్టరీ ల్యాబ్‌కి పెద్ద కెమిస్టు చిదంబరరావు. ఓ వానాకాలం ఆ కొండ అడుగున పాతికేళ్ళుగా నీళ్ళలో నానుతున్న బస్సు టైరు ఒకటి వేలితో పొడిస్తే లోపలికి పోయేంత మెత్తబడి ఉండటం చూశాడు. దాని కింది బురదని సీసాలో పట్టి, నాలుగేళ్ళు దానితోనే కాపురం చేశాడు. బురదలో ఉన్నది కంటికి కనపడని జీవి. టైరులో రబ్బరు పోగుల్ని గంధకం ముళ్ళేసి పట్టుకుని ఉంటుంది. ఈ జీవి ఆ ముళ్ళని ఒక్కొక్కటే విప్పి తినేసి, మిగిలిన రబ్బరుని నల్లటి పాకంగా వదిలేస్తుంది. టైర్లని కోసే పని లేదు. గోతిలో పడేసి, ఈ నీళ్ళు చల్లి, నలభై రోజులాగితే చాలు. ఇనుపతీగలు అడుగున మిగుల్తాయి, పాకాన్ని గొట్టంలో బట్టీకి పంపితే పొగలేని నీలిమంట. దానికి కాలనీ పెట్టుకున్న పేరు టైరు పాకం.

లోపం ఒకటే. ఆ జీవికి ఆయుష్షు తక్కువ.

"మళ్ళీ పోయిందా?" అంది హైమవతి, కిందటి కార్తీకంలో ఓ మధ్యాహ్నం ఆయన భోజనానికొచ్చి పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంటే.

"పోయింది. మూడో గోతికొచ్చేసరికి నీరసించిపోతోంది. పెట్టాల్సినవన్నీ పెట్టాను. ఏం తక్కువైందో అంతుపట్టట్లేదు."

"పెట్టినప్పుడు గోరువెచ్చగా ఉందా?"

"హైమా, అది పెరుగు కాదు."

"నేనెప్పుడన్నానండీ పెరుగని? పాతది కాస్త మిగుల్చుకుని కొత్తదానికి వేస్తున్నారా, ప్రతిసారీ ఆ బురద దగ్గరికే పరిగెత్తుతున్నారా? వేశాక కదపకూడదు. మీరేమో గంటకోసారి మూత తీసి మొహం చూస్తారు. అలా చూస్తే ఎవరు మాత్రం ప్రశాంతంగా పెరుగుతారు?"

చిదంబరరావు చారు పోసుకున్నాడు. మర్నాటి నుంచీ ల్యాబ్‌లో గంటకోసారి మూత తీయడం మానేశారని తర్వాత తెలిసింది. హైమవతి బీఎస్సీ, నరసరావుపేట కాలేజీ, కెమిస్ట్రీలో ఫస్టు. ఆ సర్టిఫికెట్ ఇప్పుడు బీరువాలో పట్టుచీరల కింద కలరా ఉండల వాసనతో భద్రంగా ఉంది.

ఆ నెలాఖరులోనే ల్యాబ్‌లో కరెంటు మరమ్మతని మూడు రోజుల పాటు ఆయన ఆ జీవిని హార్లిక్స్ సీసాలో ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాడు. "ముట్టుకోకు" అన్నాడు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆ మాట హైమవతికి "నేను వెళ్ళాక ముట్టుకో" అనే అర్థమయ్యేది.

ముట్టుకుంది. ఓ చెంచాడు తీసి ఊరగాయ జాడీలో దాచింది. కుతూహలం కాదు, కొంటెతనం కూడా పూర్తిగా కాదు. తోడుని ఒక్క ఇంట్లోనే ఉంచుకోవడమంత తెలివితక్కువ పని లేదని ఆమె నమ్మకం. మనింట్లో విరిగితే పక్కింట్లో ఉండాలి. అది వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. ల్యాబుల్లో మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. జాడీలో గంజి పోసి, మేతకి తెగిన హవాయి చెప్పు ముక్క వేసింది. పదిరోజులకి అది నీరసపడితే చెంచాడు మజ్జిగ తేట కలిపింది. అంతే, లేచి కూర్చుంది. పాలలో పుట్టి పెరిగే జీవాలతో దానికేదో స్నేహం కుదిరింది.

ఆ చెంచాని కడిగిందా? కడిగింది. బాగా కడిగిందా? ఆ ప్రశ్న ఆమె తర్వాత చాలాసార్లు వేసుకుంది.

ధనుర్మాసపు చలికి ల్యాబ్‌లో ఉన్నదంతా ఒక్క వారంలో చచ్చిపోయింది. కంపెనీ పెద్దలు గోతులు చూడ్డానికొచ్చే ముందర. చిదంబరరావు వంటింటి గడప మీద కూలబడి "నాలుగేళ్ళు, హైమా" అన్నాడు. ఆమె అటక మీంచి జాడీ దించి ఆయన ముందు పెట్టింది.

"ఎక్కడిదిది?"

"పక్కింట్లో అడిగి తెచ్చాను."

ఆయన మళ్ళీ అడగలేదు. అడిగితే జవాబొస్తుందని భయపడ్డట్టున్నాడు. జాడీని కండువాలో చుట్టుకుని, పురిటిబిడ్డని ఎత్తుకుపోయినట్టు ఎత్తుకుపోయాడు. దాన్ని చల్లిన గోతిలో టైర్లు నలభై రోజులు కాదు, పదకొండు రోజులకే కరిగాయి. కంపెనీకి రాసిన రిపోర్టులో దాని పేరు మెరుగుపరచిన రకం. మెరుగుపరచిన మనిషి పేరు లేదు. హైమవతి దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఓ వారం చారులో ఉప్పు మర్చిపోయింది, అంతే.

అప్పటినుంచే ఆమె ఇంట్లో పెరుగు రాయిలా తోడుకునేది. గిన్నె బోర్లిస్తే పడేది కాదు. కాలనీలో ముప్ఫై ఇళ్ళవాళ్ళు గిన్నెలు పట్టుకుని తోడుకి వచ్చారు. మాఘమాసంలో కోటప్పకొండ తిరునాళ్ళకి విజయవాడ నుంచి ఆడపడుచు భ్రమరాంబ కూడా వచ్చింది. మోకాళ్ళ నొప్పులని ఇంట్లో కూడా హవాయి చెప్పులతోనే తిరుగుతుంది. "కత్తితో కోసుకు తినొచ్చే ఈ పెరుగుని!" అని మెచ్చి, వెళ్ళేటప్పుడు స్టీలు డబ్బాలో ఇంత తోడు పట్టుకెళ్ళింది.

ఇప్పుడు చైత్రం. నాలుగో గాస్కెట్.

మూలకి తోసిన ఆలోచనని హైమవతి మర్నాడు బయటికి లాగింది. ఫ్రిజ్ తలుపు చుట్టూ ఉన్న రబ్బరు అంచు వేలాడుతోంది. మిక్సీ జారు మూతలోని రింగు వేలికి అంటుకుంది. ఇంట్లో ఏ రబ్బరు పోయిందో చూస్తే, పెరుగు గిన్నెతో పాటు సింకులో నానినదో, పెరుగు కలిపిన చెయ్యి తగిలినదో. గ్యాస్ సిలిండర్ ట్యూబుని నొక్కి చూసింది. అది గట్టిగానే ఉంది, కొసన తప్ప. రోజూ గ్యాసు కట్టేటప్పుడు చెయ్యి ఆనే చోట మెత్తగా, వెచ్చటి మైనంలా ఉంది.

చదువుకున్న చదువు ఎక్కడికీ పోదు. ఐదు గిన్నెలు వరసగా పెట్టింది. ఒకదాన్లో నీళ్ళు, ఒకదాన్లో కాచిన పాలు, ఒకదాన్లో తన పెరుగు, ఒకదాన్లో పక్కింటి నాగమణి పెరుగు. నాగమణికి తోడు ఇచ్చింది తనే. గుర్తుకి ఒక్కో గిన్నెకీ ఒక్కో రంగు బొట్టుబిళ్ళ అంటించి, ఒక్కో రబ్బరు బ్యాండు వేసింది. ఐదో గిన్నె ఖాళీ. తన తోడు ఎన్నడూ సోకని ఇంటి పెరుగు కావాలి.

కాలనీలో అలాంటి ఇల్లు ఖాయంగా ఒక్కటే. అనసూయది.

రెండేళ్ళ కిందట ఆ ఇద్దరి మధ్యా మాట, దండెం తాడు ఎవరిదన్న దగ్గర మొదలై, ఎవరి పుట్టింటివాళ్ళు ఎలాంటివాళ్ళన్న దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత మాటల్లేవు. హైమవతి గిన్నె పట్టుకుని గుమ్మం ముందు నిలబడితే, అనసూయ ముందు ఆకాశం వంక చూసింది.

"వానొచ్చేటట్టుందే! ఊరందరికీ తోడిచ్చే మహాతల్లి మా గుమ్మం తొక్కింది."

"మాది విరిగిందండీ. కాస్త ఉంటే ఇస్తారేమోనని."

"విరిగిందా? కత్తితో కోసే పెరుగంట గదా? ఆ నాగమణి చెప్పి చెప్పి నా చెవులు చిల్లులు పడ్డయ్."

"చెవులకి ఏమన్నా రాసుకోండి. నాకు చెంచాడు పెరుగియ్యండి చాలు."

అనసూయ లోపలికెళ్ళి నిండు గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. "చెంచాడేంది, గిన్నె తీస్కపో. మా ఇంట్లో ఇచ్చే అలవాటు తక్కువేగానీ, ఇస్తే సరింగానే ఇస్తాం."

హైమవతి వెనక్కి తిరిగి, ఆగింది. "మీ కుక్కర్ గాస్కెట్ మార్చి ఎన్నాళ్ళయింది?"

"ఏడాదిన్నర. ఏం, అదీ కావాలా?"

మూడో రోజు మధ్యాహ్నం చిదంబరరావు భోజనానికొచ్చేసరికి బల్ల మీద పళ్ళెం లేదు. ఐదు గిన్నెలున్నాయి. హైమవతి ఫోర్కుతో ఒక్కోదాన్లోంచీ పైకెత్తి చూపించింది. నీళ్ళలోది రబ్బరు బ్యాండు. పాలలోది రబ్బరు బ్యాండు. తన గిన్నెలోంచీ నాగమణి గిన్నెలోంచీ లేచినవి మాత్రం రెండు పొడుగాటి తీగలు. సాగి, సాగి, తెగి, బల్ల మీద చుక్కలుగా పడ్డాయి.

తెల్లబొట్టు గిన్నెలోది చెక్కుచెదరలేదు.

"ఇది టైర్ల మీద తప్ప బతకదు" అన్నాడు చిదంబరరావు. ఆ మాట తన చెవులకే నచ్చనట్టు మొహం పెట్టాడు. "మామూలు రబ్బరులో గంధకం…"

"ఉండదా?"

ఆయన చివరి గిన్నెని దగ్గరికి లాక్కున్నాడు. "తెల్లబొట్టు ఎవరింటిది?" అన్నాడు.

"అనసూయగారిది."

"నువ్వు ఆవిడతో మాట్లాడావా!"

పరిస్థితి ఎంతదాకా వచ్చిందో ఆయనకి అప్పుడు అర్థమయింది. కుర్చీలో కూర్చున్నాడు. ఆమె జాడీ సంగతి, మజ్జిగ తేట సంగతి, చెంచా సంగతి చెప్పింది. అన్నీ వరసగా, దాచకుండా.

"బురదలోది నలభై రోజులు" అంది చివర్లో. "నేను పెంచింది పదకొండు. ఇంటింటి పెరుగులోనూ తిరిగొచ్చింది మూడు. ఇంకో నాలుగిళ్ళు తిరిగితే ఎంతండీ?"

"మనుషులకేం చేయదు. మూడు నెలలుగా తింటున్నాం, ఏమీ కాలేదు."

"అదే నా భయం. మనకేదన్నా అయితే ఇంట్లో పడుకునుండేవాళ్ళం. ఏమీ కావట్లేదు కాబట్టి చేతులతో అన్నీ ముట్టుకుంటూ తిరుగుతున్నాం."

చిదంబరరావు గొంతు తగ్గించాడు. "బుధవారం ఎండీగారు వస్తున్నారు. తొమ్మిది ఫ్యాక్టరీలకి తొమ్మిది డ్రమ్ములు వెళ్తాయి. నాలుగంటే నాలుగు రోజులాగు. డ్రమ్ములు వెళ్ళాక నేనే మెల్లగా చెప్తాను."

"వెళ్ళాక ఇంకేముందండీ మెల్లగా?"

"నాలుగేళ్ళు, హైమా" అన్నాడు మళ్ళీ. ఆనాడు గడప మీద కూలబడి అన్న గొంతుతోనే. "ఇప్పుడు చెబితే, ఇది ఎలా బయటికొచ్చిందని అడుగుతారు. ఎవరి పేరు చెప్పను?"

ఆమె ఒప్పుకుంది. ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నానని తర్వాత తనకి తాను చెప్పుకోబోయింది గానీ, అందులో సగమే నిజం. రిపోర్టులో లేని పేరు, నేరంలో మాత్రం ఎందుకుండాలని మిగతా సగం.

ఆ సాయంత్రమే తన ఇంట్లో గ్యాస్ ట్యూబు మార్పించింది. తర్వాత పిట్టగోడ దగ్గర నిలబడి నాగమణిని పిలిచింది. ఇద్దరూ రోజూ కూరలు మార్చుకునే పిట్టగోడ అది.

"నాగమణీ, గ్యాస్ ట్యూబు ఓసారి మార్పించుకోకూడదూ?"

"పోయిన నెలేగా అక్కా మార్చింది? ఇంకా దానికి నామకరణం కూడా కాలా" అని నవ్వింది నాగమణి. మొగుడు ప్యాకింగ్ సెక్షన్‌లో, ఇంట్లో ముసలత్త, ఇద్దరు చదువుకునే ఆడపిల్లలు. పొద్దున నాలుగు నుంచీ ఆ వంటింట్లో పొయ్యి ఆరదు.

"అయినా మార్పించు. ఈ మధ్య సరుకు కల్తీ వస్తోందట."

"సరేలే అక్కా, జీతాలొచ్చాక చూస్తాలే."

ఇంకో మాట హైమవతి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

మంగళవారం పొద్దున ఏడింటికి హైమవతి కాఫీ వడబోస్తుండగా గోడ కదిలింది. చప్పుడు తర్వాత వినపడింది. అటక మీది డబ్బాలన్నీ ఒకేసారి దూకాయి. బయటికి పరిగెత్తేసరికి పక్కింటి వంటింటి కిటికీ ఉండాల్సిన చోట ఆకాశం కనిపిస్తోంది. అత్తగారూ పిల్లలూ ముందుగదిలో ఉండి బతికిపోయారు. నాగమణిని దుప్పటిలో చుట్టి బయటికి తెచ్చారు. రెండు చేతులూ మోచేతులదాకా కాలాయి. మొహం ఒక పక్క. ఏడవటం లేదు, ఆశ్చర్యంగా చూస్తోంది.

ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరు వచ్చి, మిగిలిన ట్యూబు ముక్కని పట్టకారుతో ఎత్తి చూసి "పాతది, మార్చుకోరు" అని కాగితం మీద రాసుకున్నాడు. పట్టకారు నుంచి నల్లటి తీగ నేలదాకా సాగింది. ఆయన దాన్ని చూడలేదు. పక్కన నిలబడ్డ చిదంబరరావు చూశాడు.

గుంటూరు ఆసుపత్రిలో నాగమణి మత్తులోంచి సగం లేచి హైమవతిని గుర్తుపట్టింది. కట్లు కట్టిన రెండు చేతులూ గాల్లో పెట్టుకుని, నోరు తడారిపోతుంటే మెల్లగా అడిగింది.

"అక్కా… పొద్దున్నే పాలు తోడేశా. నీ తోడేలే. ఎవరన్నా ఫ్రిజ్‌లో పెట్టారా? పులిసిపోద్ది."

"పెట్టాను" అంది హైమవతి.

ఆ ఇంట్లో ఫ్రిజ్జే లేదిప్పుడు.

కారిడార్‌లో చిదంబరరావు గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఆయనే "పద" అన్నాడు.

ల్యాబ్ షెడ్డులో తొమ్మిది నీలం డ్రమ్ములు వరసగా ఉన్నాయి. రేపటి సంబరానికి అప్పుడే పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేశారు. ఒక్కోదాని మీదా ఒక్కో ఊరి పేరు. చిదంబరరావు ఆవిరి గొట్టం లాగి మొదటి డ్రమ్ములో దించాడు.

"ఎంతసేపు మరగాలి?" అన్నాడు. నాలుగేళ్ళలో ఆయన ఆమెని ల్యాబ్ ప్రశ్న సూటిగా అడగడం అదే మొదలు.

"పొంగు వచ్చాక ఇంకో అరగంట. అంచులకి అంటుకున్నది కూడా ఉడకాలి. మూతలు కూడా వెయ్యండి లోపల."

షెడ్డంతా పులిసిన పెరుగు వాసన, కాలిన రబ్బరు వాసన కలిసి నిండింది. బంతిపూలు ఆవిరికి వడిలి ఒక్కొక్కటే రాలి డ్రమ్ముల్లో పడ్డాయి. తొమ్మిదో డ్రమ్ము చల్లారేసరికి రాత్రి పదయింది. తర్వాత గోతులకి ఆవిరి పెట్టారు. తర్వాత సీసాలు, గాజుపళ్ళేలు. ఆఖర్న చిదంబరరావు తన నోటుపుస్తకాలు పట్టుకుని బట్టీ వైపు నడుస్తుంటే హైమవతి ఆపబోయి, ఆగింది.

మేనేజరు విశ్వనాథం ఫోన్‌లో అరిచిన అరుపులు షెడ్డు బయటికి కూడా వినిపించాయి. చిదంబరరావు చెప్పింది ఒకటే మాట.

"విరిగిపోయిందండీ."

"మొత్తమా?"

"మొత్తం."

"పోయినసారి కూడా ఇలాగే అన్నారుగదయ్యా, మళ్ళీ ఎక్కడినుంచో తెచ్చారు. ఎక్కడన్నా కాస్తయినా దాచలేదా?"

చిదంబరరావు హైమవతి వంక చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎక్కడా లేదండీ" అన్నాడాయన.

ఇక మిగిలింది కాలనీ. దానికి హైమవతి ఒక్క మనిషికే నిజం చెప్పింది, అదీ మొత్తం. అనసూయ నడుం మీద చేతులు పెట్టుకుని విన్నది. తిడుతుందనుకుంది హైమవతి. తిట్టలేదు.

"నాగమణికి తెలుసా?"

"తెలీదు."

"లేచి కూర్చున్నాక నువ్వే చెప్పు. ఇంకోళ్ళ నోటి నుంచి వినకూడదు" అని కొంగు బిగించింది.

ఆ రెండు రోజులూ అనసూయ కాలనీని ఏలింది. ప్రతి గుమ్మంలోనూ నిలబడి "పెరుగులో పురుగు పడ్డదంట, మరగబెట్టి పారబొయ్యండి. చల్లది పారబోస్తే ఊరుకునేది లేదు. గిన్నెలు, చెంచాలు, గరిటెలు, మొత్తం మరగాల. ట్యూబులు ఇయ్యాలే మారాల" అని గద్దించింది. ఎదురు చెప్పినవాళ్ళకి నాగమణి ఇంటి కిటికీ వైపు వేలు చూపించింది. అందరి ఇళ్ళకీ కొత్త తోడు ఆమె ఇంటి నుంచే వెళ్ళింది. హైమవతికి కూడా. ఇస్తూ "ఇది మెత్తగా తోడుకుంటది, రాయిలాగా కాదు. పెరుగు పెరుగులాగే ఉండాల" అంది.

ఆదివారం పొద్దున హైమవతి కొత్త గాస్కెట్ వేసి కుక్కరు పొయ్యి మీద పెట్టింది. ఏడు నిమిషాలకి మొదటి విజిల్. ఒంటరిగా వంటింట్లో నిలబడి ఆ కూతకి కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఇల్లాలు లోకంలో తనొక్కతే అయ్యుంటుందనుకుంది.

ఫోను మోగింది. విజయవాడ నుంచి భ్రమరాంబ.

"ఏమే హైమా, మీ పక్కింటి పిల్లకి ఎలా ఉంది? తమ్ముడు ఇందాకే చెప్పాడు."

"కుడిచేతి వేళ్ళు కదుపుతోంది వదినా. ఎడమది ఇంకా తెలీదన్నారు."

"అయ్యో, పాపం. జాగ్రత్తగా ఉండండమ్మా. ఇదిగో, అసలు సంగతి చెప్పడం మర్చిపోయాను. నీ తోడు ఇక్కడ ఎంత పేరు తెచ్చుకుందో తెలుసా?"

హైమవతి చేతిలో గరిటె ఆగింది.

"మా అపార్టుమెంటులో అరవై ఇళ్ళకీ నేనే ఇచ్చాను. ఒక్కళ్ళు మిగల్లేదు. మా వాచ్‌మన్ తమ్ముడు బస్సుల డిపోలో క్యాంటీన్ నడుపుతాడులే, వాడొచ్చి బతిమాలి బకెట్టుకి సరిపడా పట్టుకుపోయాడు. ఎండలు కదా, రోజూ మూడొందల మందికి మజ్జిగట. డ్రైవర్లు, మెకానిక్కులు, అందరూ నీ పేరే చెప్పుకు తాగుతున్నారంటే నమ్ము!"

"వదినా…"

"పుణ్యమే నీకు. అన్నట్టు, మా కుక్కరుకేం మాయరోగం వచ్చిందోనే, అరగంట నుంచీ పొయ్యి మీద ఉంది, ఒక్క విజిలూ రాదు."

అప్పుడు వినిపించింది హైమవతికి. భ్రమరాంబ మాటల వెనక, వంటింట్లోంచి, ఆగకుండా బుస్సుమంటున్న ఆవిరి. దాని కింద ఇంకో సన్నటి శబ్దం, ఆవిరిది కాదు.

"వదినా, పొయ్యి దగ్గరికి వెళ్ళకు. కరెంటు మెయిన్ కట్టించు. కిటికీలు తెరిచి బయటికి నడువు. వదినా, వింటున్నావా?"

"ఆఁ? సరిగ్గా వినపడి చావట్లేదే, ఇంట్లో ఏదో వాసన కూడా వేస్తోంది. ఉండు, ముందు ఆ కుక్కరు సంగతి చూసొస్తాను."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. హైమవతి అరుస్తూనే ఉంది. అవతల భ్రమరాంబ చెప్పులు వంటింటి వైపు నడుస్తున్నాయి. మెల్లగా, ఒక్కో అడుగుకీ నేలకి అతుక్కుని, సాగి, విడివడుతూ.